జేబీఎం బాలిస్టిక్ కాలిక్యులేటర్: తిరుపతి ఎండల్లో ఏళ్లపాటు వాడిన తర్వాత

లైసెన్సు ఉన్న పాయింట్ 22 రైఫిల్‌తో, అనుమతి పొందిన రేంజిలో 200 మీటర్ల దాకా సాధన చేసే నేను, తూటా ఏ దూరంలో ఎంత దిగుతుందో లెక్కకట్టడానికి చాలాకాలంగా జేబీఎం వారి ఉచిత వెబ్ కాలిక్యులేటర్‌నే వాడుతున్నాను. దాని గణితం నమ్మదగినది. లెక్కకూ కాగితం మీద పడిన రంధ్రానికీ తేడా వచ్చినప్పుడల్లా కారణం మనం ఇచ్చిన అంకెల్లోనే దొరికింది.

అన్నిటికన్నా ముఖ్యమైనది తూటా గొట్టం వదిలే వేగం. నా తూటాల పెట్టె మీద సెకనుకు 326 మీటర్లని ఉంటే, క్రోనోగ్రాఫ్ (తూటా వేగం కొలిచే పరికరం) నా రైఫిల్‌కు సగటున 318 చూపించింది. 50 మీటర్ల దగ్గర జీరో చేసిన (గురి పెట్టిన చోటే తూటా తగిలేలా సరిచేసిన) రైఫిల్‌లో ఈ తేడా అక్కడ కనిపించదు గానీ, 200 మీటర్లకు వెళ్లేసరికి సుమారు ఆరేడు సెంటీమీటర్లు అవుతుంది. స్కోప్ (గురి చూసే దుర్బిణి) ఎత్తును కూడా ఊహించి వేయకూడదు. గొట్టం మధ్యరేఖ నుంచి స్కోప్ మధ్యరేఖ దాకా వెర్నియర్‌తో కొలిస్తే నాది 52 మిల్లీమీటర్లు వచ్చింది. చాలామంది వేసే 38 వేసి ఉంటే 200 మీటర్ల దగ్గర 4 సెంటీమీటర్ల తప్పు వచ్చేది.

స్కోప్ తిప్పుడును, అంటే దాని మీట తిప్పినంత మేరకే గురి జరుగుతోందా అన్నదాన్ని, పరీక్షించనివారు ఈ పని మొదలుపెట్టకపోవడమే మేలని నా గట్టి అభిప్రాయం. 100 మీటర్ల దగ్గర పొడవాటి కాగితం కట్టి, మేస్త్రీల తూకం గుండుతో నిలువు గీత గీసి, 10 మిల్లులు (100 మీటర్ల దగ్గర ఒక మిల్లు అంటే 10 సెంటీమీటర్లు) తిప్పి చూస్తే గుళ్ల గుంపు సరిగ్గా 100 సెంటీమీటర్లు జరగాలి. నాది 98 మాత్రమే జరిగింది. 200 మీటర్లకు ఎనిమిది మిల్లులకు పైగా తిప్పాల్సి ఉన్నందున, ఈ రెండు శాతమే అక్కడ మూడు సెంటీమీటర్లకు పైగా తేడా తెస్తుంది. దీన్ని సరిచేయకుండా, లెక్క కుదరడం లేదని బాలిస్టిక్ గుణకాన్ని (తూటా గాలి నిరోధాన్ని ఎంతగా తట్టుకుంటుందో చెప్పే అంకెను) అటూ ఇటూ మారిస్తే 200 దగ్గర కుదిరినట్టే ఉంటుంది, 100, 150 దగ్గర మాత్రం గాడి తప్పుతుంది. అందుకే ముందు జీరో, స్కోప్ ఎత్తు, తిప్పుడు, ఆ తర్వాత వేగం సరిచూసుకుని, గుణకాన్ని చిట్టచివర, అదీ దూరపు గుళ్లను బట్టి మాత్రమే ముట్టుకోవాలి. పోల్చవలసింది గుంపు మధ్యబిందువునే తప్ప, మనకు నచ్చిన ఒక్క గుండును కాదు.

మన వేసవి గురించి అందరూ అడుగుతారు. ప్రామాణిక లెక్క 15 డిగ్రీలకు. 40 డిగ్రీల ఎండలో గాలి సాంద్రత దాదాపు 8 శాతం తగ్గినా, ఈ తూటాకు 200 మీటర్ల దగ్గర తేడా కొద్ది సెంటీమీటర్లే. తూటాల పెట్టెను ఎండలో వదిలేస్తే మందు వేడెక్కి వేగమే మారవచ్చు కనుక నేను నీడలోనే ఉంచుతాను. ఫోన్‌లోని వాతావరణ యాప్ సాధారణంగా సముద్రమట్టానికి సవరించిన పీడనాన్ని చూపిస్తుంది. కాలిక్యులేటర్‌లో దానికి తగిన గడిని ఎంచుకోవాలి, లేదా రేంజిలోనే కొలిచిన పీడనం ఇవ్వాలి.

గాలి తూటాను ఎంత పక్కకు తోస్తుందో చూపే పట్టికను మాత్రం నేను స్థూల అంచనాగానే చూస్తాను. దారి పొడవునా ఒకే గాలి వీస్తుందన్న ఊహ మీద అది తయారవుతుంది. రేంజిలో 50 మీటర్ల దగ్గర జెండా వేలాడుతుంటే 150 దగ్గరిది రెపరెపలాడుతూ ఉంటుంది.