ఆరు వోల్టుల ఫోర్డ్ 8ఎన్: తొమ్మిదేళ్ళు వాడాక

మా నాన్న లెక్కలో ట్రాక్టరంటే డీజిల్ బండే. ప్లగ్గులు, పాయింట్లు, కాయిల్ లాంటి స్పార్క్ పుట్టించే సామాన్లు స్కూటరున్నవాళ్ళ బాధలు. హ్యూస్టన్‌కి పడమరగా ఆరెకరాలు కొని, గడ్డి కోయడానికి 1949 నాటి ఫోర్డ్ 8ఎన్ తెచ్చి వీడియో కాల్‌లో చూపిస్తే "పెట్రోలు పోసే ట్రాక్టరేంట్రా?" అని నవ్వారు. 1947 నుంచి 1952 దాకా ఐదు లక్షలకు పైగా తయారైన బండి ఇది. ఇంజన్, గేర్లు, హైడ్రాలిక్స్ నన్ను పెద్దగా ఏడిపించలేదు. ఏడిపించిందల్లా కరెంటే.

బ్యాటరీ 6 వోల్టులు. పైగా పాజిటివ్ ఎర్త్, అంటే ప్లస్ వైరు బాడీకి పోతుంది. బ్యాటరీ మార్చేటప్పుడు చెయ్యి అలవాటు కొద్దీ మైనస్ వైపు వెళ్తుంది, జాగ్రత్త.

మొదటి చలికాలమంతా సెల్ఫ్ కొడితే గుర్ర్... గుర్ర్... అని మూలిగి ఆగిపోయేది. బ్యాటరీ కొత్తదే. తెలిసినవాళ్ళందరూ 12 వోల్టులకి మార్చెయ్యమన్నారు. కిట్ ఆర్డర్ చేయబోతూ, ఎందుకైనా మంచిదని మల్టీమీటర్ పట్టుకున్నాను. బ్యాటరీ ప్లస్ బొడిపె మీద ఒక మొన, ఇంజన్ మీద గీకిన చోట రెండో మొన పెట్టి, మా అబ్బాయిని గేర్ రాడ్ దగ్గరున్న స్టార్టర్ బటన్ నొక్కమన్నాను. సున్నాకి దగ్గరగా ఉండాల్సిన మీటర్ 0.8 చూపించింది. ఉన్నదే ఆరు వోల్టులు, అందులో ముప్పావు వోల్టు ఆ ఒక్క ఎర్త్ వైరే మింగేస్తోంది. మైనస్ వైపూ అదే కథ. నాకు అమ్మినవి మామూలు కారు కేబుళ్ళు. అదే బలం సగం వోల్టేజీతో రావాలంటే కరెంటు రెట్టింపు పారాలి, దానికి బొటనవేలంత లావు కేబుల్ కావాలి. 00 గేజ్ కేబుళ్ళు వేసి, ఎర్త్ బోల్టు కింద పెయింటు గీకేశాను. మర్నాడు బటన్ నొక్కగానే అందుకుంది. కిట్ ఆర్డర్ చేయలేదు. ఇప్పటికీ 6 వోల్టులే.

రెండో గొడవ ఇంతకన్నా మొండిది. నలభై నిమిషాలు గడ్డి కోశాక ఇంజన్ తడబడి ఆగిపోయేది. ఇంటికెళ్ళి పనిముట్లు తెచ్చేలోపు ఏమీ ఎరగనట్టు స్టార్ట్ అయ్యేది. నెల రోజులు ఇదే వరస. పెట్రోలు మూతలో గాలి రంధ్రం మూసుకుపోయినా సరిగ్గా ఇలాగే ఆగుతుంది కాబట్టి, ముందు మూత వదులు చేసి నడిపాను. తేడా లేదు. చివరికి స్పార్క్ టెస్టర్ జేబులో పెట్టుకునే పనిలోకి దిగాను. ఆగిన నిమిషంలోనే చూస్తే స్పార్క్ పసుపు రంగులో, పాము నాలుకలా సన్నగా ఉంది. ఆరోగ్యమైన స్పార్క్ నీలంగా ఉండి, పావు అంగుళం సందు దాటి టప్ టప్ మని కొట్టాలి. ఈ మోడల్లో కాయిల్, అంటే ఆరు వోల్టులని స్పార్క్‌కి సరిపడా వేల వోల్టులుగా పెంచే డబ్బా, ఇంజన్ ముందు, ఫ్యాన్ వెనకే ఉంటుంది, రేడియేటర్ వేడంతా దాని మీదికే వస్తుంది. కానీ అసలు దొంగ వేరే ఉన్నాడు. డాష్ వెనక ఉండి కాయిల్‌కి వెళ్ళే కరెంటు తగ్గించాల్సిన రెసిస్టర్‌ని పాత ఓనరెవరో తప్పించి, వైరు నేరుగా కలిపేశాడు. కాయిల్‌కి కరెంటు ఎక్కువ పారి లోపల ఉడికిపోయింది. కాయిల్ మార్చి రెసిస్టర్ వేశాక ఆ జబ్బు మళ్ళీ రాలేదు.

కాయిల్‌కి కరెంటు కలిపి తెంచే చిన్న స్విచ్ లాంటి పాయింట్ల సంగతికొస్తే, బద్ధకస్తులు ఈ బండి కొనకండి. సందు సరిచెయ్యాలంటే ఫ్యాన్ వెనక చెయ్యి దూర్చి, రెండు బోల్టులు విప్పి, పాయింట్లుండే డిస్ట్రిబ్యూటర్ (ప్లగ్గులకి స్పార్క్ పంచే డబ్బా) మొత్తం బయటికి తీయాలి. నేనైతే వంటింటి టేబుల్ మీద పెట్టుకుని 0.015 అంగుళానికి సెట్ చేస్తాను, పెట్రోలు వాసనకి మా ఆవిడ ఆ పూట పొయ్యి వెలిగించదు. తిరిగి బిగించేటప్పుడు వెనకున్న నాలుక లాంటి ముక్క మధ్యలో కాక కాస్త ఓ పక్కకి ఉంటుందని గుర్తుంచుకోండి. గాడిలో సరిగ్గా కూర్చోకముందే బోల్టులు బిగిస్తే పగిలేది డిస్ట్రిబ్యూటరే. చలికాలమంతా నడపక స్పార్క్ చచ్చిపోతే వెంటనే కొత్త పాయింట్లు కొనక్కర్లేదు. శుభలేఖ కార్డులో పసుపు అంటని అంచు కత్తిరించి పాయింట్ల మధ్య నాలుగుసార్లు లాగండి. కార్డు మీద బూడిద రంగు చార పడుతుంది, స్పార్క్ తిరిగొస్తుంది.

ఇంకా కొననివాళ్ళు సీరియల్ నంబర్ చూడండి, ఇంజన్ బ్లాక్ ఎడమ వైపు ఉంటుంది. 1950లో 263844 నుంచి డిస్ట్రిబ్యూటర్‌ని పక్కకి మార్చారు, బండి మీదే పాయింట్లు సెట్ చేసుకోవచ్చు. వాటికి సందు 0.025. వంద డాలర్లు ఎక్కువైనా నేనైతే అదే తీసుకుంటాను.

పోయిన వేసవిలో నాన్న వచ్చారు. పొద్దున్నే ట్రాక్టరెక్కి రెండు చాళ్ళు కోసి, మలుపులో ఇంజన్ ఆగిపోతే దిగి వచ్చి కాఫీ అడిగారు. ఊళ్ళో మా పాత డీజిల్ బండిని స్టాప్ నాబ్ లాగి ఆపడమే ఆయనకి అలవాటు, తాళంచెవి ఊసే ఉండేది కాదు. ఇక్కడ స్విచ్ ఆన్‌లో ఉండి పాయింట్లు మూసుకుని ఉంటే, ఇంజన్ ఆగినా కాయిల్‌లో కరెంటు పారుతూనే ఉంటుంది. గంట తర్వాత వెళ్ళి కాయిల్ మీద చెయ్యి పెడితే చురుక్కుమంది. కొత్తది తెప్పించి వేశాను, నాన్నకి చెప్పలేదు. ఆయన ఉన్నన్నాళ్ళూ తాళంచెవి మాత్రం నా జేబులోనే ఉంది.