మెహతా ‘తురాందోత్’: యాభై ఏళ్లు దాటినా కొనదగిన రికార్డింగు

ఆర్కెస్ట్రా కండక్టరు జూబిన్ మెహతా సంగీతాన్ని ఒకే ఒక్క కొనుగోలుతో పరిచయం చేసుకోవాలనుకునే వారికి నేను సూచించేది ఆయన నడిపించిన సింఫనీల సంపుటి కాదు. 1972 ఆగస్టులో లండన్‌లోని కింగ్స్‌వే హాలులో డెక్కా సంస్థ రికార్డు చేసిన, ఇటలీ స్వరకర్త పుచ్చీని ఒపేరా (పాటలతో నడిచే నాటకం) ‘తురాందోత్’. ఇది రెండు సీడీలు, దాదాపు రెండు గంటల సంగీతం. 1936లో బొంబాయిలోని పార్సీ కుటుంబంలో, వయొలిన్ విద్వాంసుడు మెహ్లీ మెహతాకు కుమారుడిగా పుట్టి, 1954లో వియన్నా వెళ్లి హాన్స్ స్వరోవ్‌స్కీ దగ్గర శిక్షణ పొందిన మెహతాకు అప్పటికి 36 ఏళ్లు. లాస్ ఏంజెలెస్ ఫిల్‌హార్మోనిక్ ఆర్కెస్ట్రా సారథ్యం చేపట్టి పదేళ్లయింది.

ఇక్కడ వాయించింది మాత్రం లండన్ ఫిల్‌హార్మోనిక్. తెర లేవగానే ఆర్కెస్ట్రా అంతా ఒక్కుమ్మడిగా విరుచుకుపడి, ఆ వెంటనే మాండరిన్ (రాజాధికారి) మరణశాసనం చదివే గొంతుకు దారి ఇస్తుంది. ఇంత పెద్ద వాద్యబృందాన్ని గర్జింపజేయడం కష్టం కాదు. గర్జిస్తూనే గాయకుడి మాటను మింగకుండా నిలపడం కష్టం. మెహతా పనితనమంతా ఆ రెండో పనిలో ఉంది. దాసి లియూగా పాడిన మోన్‌సెరాత్ కబాయే మొదటి అంకంలో తన పాట చివరి తారస్వరాన్ని నూలుపోగంత సన్నగా అందుకుని క్రమంగా నింపుతుంటే, వాద్యాలు ఆమె ఊపిరిని బట్టి నడుస్తాయి.

రాజకుమారుడు కలాఫ్‌గా లూచానో పవరాటీ, రాజకుమారి తురాందోత్‌గా జోన్ సదర్లాండ్. ఆమె ఈ పాత్రను రంగస్థలం మీద ఎన్నడూ పాడలేదు, ఆయన అప్పటికింకా పాడలేదు. అయినా రెండో అంకంలో ఇద్దరూ కలిసి తారస్థాయికి ఎగబాకే చోట ఆ సంగతి గుర్తుకు రాదు. 1990 ఫుట్‌బాల్ ప్రపంచ కప్ ప్రసారాలకు బీబీసీ వాడుకున్న కలాఫ్ పాట ‘నెస్సున్ దోర్మా’ ఈ రికార్డింగులోనిదే. కచేరీల్లో చప్పట్ల కోసం దానికి ఒక ముగింపు అతికిస్తారు. ఒపేరాలో పాట అలా ఆగదు. పవరాటీ స్వరం ముగిసీ ముగియకముందే సంగీతం తర్వాతి సన్నివేశంలోకి ప్రవహిస్తుంది. పాటను విడిగా మాత్రమే విన్నవారికి ఈ మలుపు కొత్తగా తోస్తుంది.

లోపాలు లేకపోలేదు. సదర్లాండ్ నాదం అద్భుతం, ఉచ్చారణ మాత్రం మసక. కర్ణాటక కచేరీలో సాహిత్యం స్పష్టంగా వినబడాలని పట్టుబట్టే శ్రోతకు ఇది పంటి కింద రాయే. 1924లో పుచ్చీని మరణించాక మరో స్వరకర్త ఆల్ఫానో పూర్తిచేసిన చివరి యుగళం కూడా నాకు సాగదీతగానే అనిపిస్తుంది, కానీ ఆ తప్పు కండక్టరుది కాదు. వృద్ధ చక్రవర్తిగా పీటర్ పియర్స్ వినిపించే వణుకు గొంతు చిన్న పాత్రే అయినా భలే అతికింది.

ఇదే ఒపేరాను మెహతా 1998లో బీజింగ్‌లోని రాజప్రాసాద ప్రాంగణంలో చైనా సినీ దర్శకుడు జాంగ్ యీమౌ దర్శకత్వంలో నడిపించారు. ఆ వీడియో కన్నులపండువ. అయితే ఆరుబయట మైకులు పట్టిన ధ్వనిలో ఈ స్టూడియో లోతు ఉండదు. రెండూ దొరికితే ముందు సీడీ వినండి, తరువాతే వీడియో చూడండి.

కొనేవారికి ఒక జాగ్రత్త. ఫోన్‌లో పాటలు వినిపించే కొన్ని యాప్‌లు ట్రాకుకూ ట్రాకుకూ మధ్య క్షణం మౌనం చొప్పిస్తాయి. అతుకు లేకుండా సాగే ఈ సంగీతానికి అది నరకం. విరామం లేకుండా వినిపించే సెట్టింగు ఉందో లేదో చూసుకోండి, లేదంటే సీడీయే మేలు. ఇటాలియన్ పాఠానికి ఇంగ్లీషు అనువాదం ఉన్న పుస్తకం జతగా వచ్చే ప్రతిని ఎంచుకుంటే, రెండో అంకంలోని మూడు చిక్కుప్రశ్నల ఘట్టాన్ని మాట మాటా అనుసరించవచ్చు.