చేతి లివరు బేలింగ్ మెషిన్: ఏడేళ్ల వాడకం, ఒక వరద

మా పాత సామాన్ల కొట్టులోని బేలింగ్ మెషిన్, అంటే లూజు అట్టను గట్టిగా నొక్కి బేళ్లుగా (కట్టలుగా) చేసే మెషిన్ గురించి రాయాలని ఎప్పటినుంచో అనుకుంటున్నాను. మోటారు ఎన్ని హార్స్‌పవర్, ఎన్ని టన్నుల ప్రెజర్ అనేవి అమ్మేవాళ్లే చెబుతారు, వాటి జోలికి పోను. నాకు దాని చేతి లివరంటే ఇష్టం. ఏడేళ్లుగా రోజూ పట్టుకుంటున్నాను కాబట్టి ఆ ఇష్టం ఎందుకో చెప్పగలను.

మాది విజయవాడ, పాయకాపురం వైపు. నాన్న తొక్కుడు రిక్షా మీద వీధులు తిరిగి పాత ఇనుము, సీసాలు, పేపరు కొనేవారు. తర్వాత రేకుల షెడ్డు వేశారు. అది నా చేతికి వచ్చేనాటికి సరుకులో ఎక్కువ భాగం అట్టపెట్టెలే. లూజు అట్ట సంగతి ఈ పనిలో ఉన్నవాళ్లకు తెలిసిందే. బరువుండదు, చోటు తినేస్తుంది. టాటా ఏస్ నిండా తాళ్లేసి కట్టినా కాటా మీద అయిదు వందల కిలోలు దాటదు. వాన పడితే తడుస్తుంది, తడిస్తే తరుగు. అందుకని ఏ రోజు సరుకు ఆ రోజే పెద్ద వ్యాపారికి తోలేసేవాళ్లం. ఆయన చెప్పిందే రేటు.

2018లో అప్పు చేసి మెషిన్ కొన్నాను. నా మనసంతా బటన్ల మోడల్ మీదే ఉండేది. బటన్ నొక్కితే దానంతటదే దిగి, నొక్కి, పైకి పోతుంది. ఆటోనగర్‌లో హైడ్రాలిక్ పనులు చేసే ఒక పెద్దాయన ఉన్నారు, నేను బాబాయ్ అంటాను. ఆయన ఒకటే మాట అన్నారు: "అబ్బాయ్, బటన్ పోతే లోపలి ఎలక్ట్రానిక్ బోర్డు చూడాలి. బోర్డు పోతే కంపెనీవాళ్ల కోసం కూర్చోవాలి. లివరు పోతే నా దగ్గరకు రా." నాకు పూర్తిగా నచ్చకపోయినా, రేటు తక్కువని లివరుదే తీసుకున్నాను.

వాడడం మొదలుపెట్టాక అర్థమైంది. లివరు కిందికి లాగితే అట్టను నొక్కే ప్లేటు దిగుతుంది, పైకి నెడితే లేస్తుంది, చెయ్యి వదిలేస్తే ఎక్కడిదక్కడ ఆగిపోతుంది. అట్ట గట్టిపడేకొద్దీ మోటారు గొంతు మారుతుంది, లివరులో సన్నగా వణుకు పుడుతుంది. మీటరు ముల్లు చూడక్కర్లేదు, ఇక చాలని చేతికే తెలిసిపోతుంది. లోపల చెక్కముక్కో ఇనుపముక్కో ఉంటే ఆ వణుకు వేరేగా ఉంటుంది, వెంటనే వదిలేస్తాను. అలా రెండుసార్లు ప్లేటు వంకరపోకుండా బతికింది.

బేళ్లు కట్టడం మొదలయ్యాక సరుకు నిలవ పెట్టుకోగలిగాను. నాలుగు రోజులు ఆగి, రేటు చూసుకుని, లారీ లోడు నేరుగా పేపరు మిల్లుకు వేశాను. దానికి బిల్లు కావాలి కాబట్టి జీఎస్టీ రిజిస్ట్రేషన్ కూడా చేయించుకోవాల్సి వచ్చింది. నాన్నకు ఆ లెక్కలన్నీ పెద్ద టెన్షన్. 2020 లాక్‌డౌన్ తర్వాత పార్సిల్ పెట్టెలు విపరీతంగా పెరిగాయి. ఈ మెషిన్ లేకపోతే ఆ సరుకంతా గేటు దగ్గరే వెనక్కి పంపేవాణ్ణి. అట్ట ఏరి తెచ్చే అక్కలకు కిలోకు రూపాయిన్నర పెంచి ఇవ్వగలిగింది కూడా అప్పుడే.

ఇక వరద. 2024 సెప్టెంబర్ 1, ఆదివారం. బుడమేరు వాగుకు గండ్లు పడి నీళ్లు వస్తున్నాయని ఫోన్లు. నేను తలుపు తీసేసరికి షెడ్డులో మోకాలి లోతు ఉన్నాయి. ముందు మెయిన్ ఆపేశాను. ఖాతా పుస్తకాలు, కొత్త ఎలక్ట్రానిక్ కాటా తీసి బేళ్ల వరస మీద పెట్టాను. అదే పొరపాటైంది. తొమ్మిదో రోజు మళ్లీ షెడ్డు తెరిచేసరికి బేళ్లు నీళ్లు తాగి ఉబ్బిపోయి, వైర్లు తెగి, వరస మొత్తం కూలిపోయింది. కాటా, పుస్తకాలు దాని కింద బురదలో ఉన్నాయి. గోడ మీద నీటి గుర్తు నా ఛాతీ దాకా ఉంది. మెషిన్ మోటారు, ఆయిల్ ట్యాంకు, లివరుతో ఆయిల్ దారి మార్చే వాల్వు నేల మీద ఒక మూల ఉండేవి. అన్నీ మునిగాయి.

ట్యాంకు అడుగు బోల్టు తీస్తే ముందు బురద నీళ్లు, తర్వాత టీ రంగులోకి మారిన ఆయిల్ వచ్చాయి. మోటారు రివైండింగ్‌కు ఇచ్చాను. ఊళ్లో మునిగిన మోటార్లన్నీ అక్కడికే వచ్చాయి, వరసలో ఆగాల్సి వచ్చింది. బాబాయ్ మాత్రం తనే వచ్చారు. గోనెపట్టా పరిచి లివరు వాల్వు విప్పారు. లోపలి ఉక్కు కడ్డీ వేలెడంత లావు ఉంటుంది, దాని గాడుల్లో ఒండ్రు పేరుకుంది. డీజిల్‌తో కడిగి, చిన్న తుప్పు మచ్చ ఉంటే సన్న ఎమరీ కాగితంతో రుద్ది, వెలుతురుకు పెట్టి చూసి, మళ్లీ రుద్దారు. సీళ్లన్నీ కొత్తవి వేశారు. చవక ఆయిల్ పోసి తిప్పి, పారబోసి, ఆ తర్వాతే మంచి అరవై ఎనిమిది నంబరు ఆయిల్ పోయించారు. లివరు లాగితే ప్లేటు అడుగు దిగి ఆగిపోయింది. "గాలి పట్టింది, కంగారు పడకు" అంటూ నాలుగుసార్లు పైకీ కిందకీ ఆడించారు. అయిదోసారి చేతిలో ఆ వణుకు తెలిసింది. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ రోజు కట్టిన మొదటి బేలు, వరద సాయంగా వచ్చిన మంచినీళ్ల సీసాల పెట్టెలది.

మా లైన్లోనే బటన్ల మెషిన్ ఉన్న ఒకాయన బోర్డు కోసం సంక్రాంతి దాకా ఎదురుచూశారు.

కొన్న కొత్తలో అడిగినవాళ్లందరికీ ఒక్క మనిషి చాలని చెప్పేవాణ్ణి. నొక్కడానికి చాలు, కానీ వైరు కట్టి బేలు దొర్లించడానికి ఇద్దరు ఉండాల్సిందే. ఆయిల్ కారదని కూడా అన్నాను. నాలుగో ఏట సిలిండర్ సీలు పోయింది. నీళ్ల సీసాలు కూడా బాగా నొక్కుతుందన్నాను. మూతలు తీయకపోతే గాలి లోపలే ఉండిపోయి, తలుపు తీయగానే బేలు ఉబ్బిపోతుంది. మూతలు తీయడానికే ఒకరికి కూలి ఇవ్వాలి. తలుపు తీసేముందు ప్లేటు కాస్త పైకి లేపాలని పనివాళ్లకు రోజూ చెబుతూనే ఉంటాను, లేకపోతే గొళ్లెం విసురుగా వచ్చి తగులుతుంది.

నాకు ఆటోనగర్ ఆటోలో అరగంట, అందుకే లివరు కలిసొచ్చింది. బాబాయ్ లాంటి మనిషి దగ్గర్లో లేకపోతే, షెడ్డుకు త్రీ ఫేజ్ కనెక్షన్ లేకపోతే, నెలకు నాలుగైదు టన్నుల అట్ట రాకపోతే తొందరపడమని చెప్పను. రోజంతా ఆగకుండా నొక్కే పెద్ద గోడౌన్లకు బటన్లదే మేలు కావచ్చు. ఆ పని నేను చేయలేదు.

ఇప్పుడు మోటారు, ట్యాంకు, వాల్వు ఇనుప స్టాండు మీద ఉన్నాయి, గోడ మీది గుర్తుకు జానెడు పైన. లివరు అందడానికి నాపరాళ్లతో మెట్టు కట్టించాను. ఆయిల్ పోయాలంటే మాత్రం నిచ్చెన వేసుకోవాలి.