చూడి ఆవును కొనాలా, ఈనిన ఆవును కొనాలా?

మదనపల్లె చుట్టుపక్కల కొత్తగా పాడి పెట్టేవాళ్ళు నన్ను ఎక్కడ కలిసినా అడిగేది ఇదే: "అన్నా, నిండు చూడి ఆవు మేలా, పాలిస్తున్న ఆవు మేలా?" పళ్ళు, ముట్టె తడి, నెమరు, పేడ, నడక... ఇవి ఏ ఆవుకైనా చూడాల్సినవే, ఇక్కడ వాటి జోలికి పోను.

చూడి ఆవు వైపు వాదన గట్టిదే. ధర కొంచెం దిగుతుంది, ఈనేలోపు మన మేతకీ మన చేతికీ అలవాటు పడుతుంది, దూడ మన కొట్టంలోనే పుడుతుంది, జున్నుపాల నుంచి మనమే చూసుకుంటాం. నేనూ ఈ లెక్కతోనే ఎనిమిదో నెల చూడిలో ఉన్న హెచ్‌ఎఫ్ (హోల్‌స్టీన్ ఫ్రీజియన్) క్రాస్, అంటే సంకరజాతి ఆవును తెచ్చాను. ఒళ్ళు నిగనిగలాడేది, మేత వదిలేది కాదు. తీరా ఈనిన రోజు పాలకి కూర్చుంటే వెనక కుడి చన్నులో చుక్క లేదు. పోయిన ఈతలో పొదుగువాపు వచ్చి ఆ వైపు చచ్చిపోయింది. కొనేనాటికి పాలు ఆపేసి ఉంది కాబట్టి నాలుగూ ఒకేలా కనిపించాయి. ఆ ఈతంతా మూడు చన్నులతో, అప్పు కంతు ఎలా కట్టాలా అనే టెన్షన్‌తో గడిచింది.

అందుకే నా మట్టుకు తేల్చేది పొదుగే. పాలివ్వని పొదుగు లోపల ఏముందో చేత్తో తడిమి పూర్తిగా తెలుసుకోలేం.

ఈనిన ఆవు దగ్గర ఆ ఇబ్బంది లేదు, కానీ ఒక్క పూట చూసి డబ్బులిస్తే మాత్రం అదీ గుడ్డి బేరమే. సాయంత్రం పాలవేళకి వెళ్ళి పూర్తిగా పిండించండి, ఆ పాలు లెక్కలోకి తీసుకోవద్దు, ఎందుకంటే పొద్దున పిండకుండా ఆపి ఉంటే అవి రెండు పూటల పాలు. మర్నాడు పొద్దున, సాయంత్రం వచ్చేవే అసలు పాలు. చింతామణి పశువుల సంతకి పోతే ఈ మూడు పూటలు చూడటం కుదరదు, అందుకే నాకు రైతు కొట్టం దగ్గర కొనడమే ఇష్టం.

రెండో ఆవుకి అలాగే ఆ రైతు ఇంటి అరుగు మీదే పడుకున్నాను. తెల్లవారి ఆ ఇంటామె దూడను వదిలింది, అది రెండుసార్లు పొదుగును కుమ్మగానే ఆవు చేపింది, అంటే పాలు దించింది, అందుకోసం సూది వేయాల్సిన అవసరం పడలేదు. ఒక్కో చన్ను నుంచి మొదటి రెండు ధారలు నల్లగుడ్డ మీద పిండి చూశాను, పెరుగు పలుకులు, రక్తపు చార, నీళ్ళలాంటి పాలు ఏమైనా కనిపిస్తాయేమోనని. తర్వాత 100 మిల్లీలీటర్ల నీళ్ళలో 3 గ్రాముల సర్ఫ్ పొడి కలిపి, నాలుగు గిన్నెల్లో నాలుగు చన్నుల పాలు విడివిడిగా పట్టి, పాలు ఎన్నో ఆ నీళ్ళూ అన్నే పోసి తిప్పాను. జిగురుగా చిక్కబడితే పైకి కనిపించని పొదుగువాపు ఉన్నట్టే. ఈని పది రోజులైనా దాటాకే ఇది చేయండి, జున్నుపాల రోజుల్లో మంచి పాలూ చిక్కబడతాయి. పిండడం అయ్యాక పొదుగు ఖాళీ సంచిలా ముడతలు పడాలి. ఎక్కడైనా గట్టిగా గడ్డలా తగిలితే లేచి వచ్చేయండి.

ఈని మూడు నాలుగు వారాలైన, రెండో ఈత ఆవైతే ఇంకా మంచిది. మాయ పడకపోవడం, పాలజ్వరం లాంటి గండాలు చాలావరకు అప్పటికి దాటి ఉంటాయి. ధర ఎక్కువే, పైగా చోటు మారిన కొన్నాళ్ళు పాలు తగ్గుతాయి, దానికి సిద్ధపడాలి.

ఏదైనా సరే బ్రూసెల్లా అనే జబ్బుకి రక్తపరీక్ష లేకుండా కొనొద్దు. నిండు చూడిలో ఈసుకుపోయేది (గర్భం పోయేది) చాలాసార్లు ఈ జబ్బుతోనే, పచ్చిపాలతో, మాయ ముట్టుకోవడంతో మనుషులకీ అంటుతుంది. ఈనే రోజుల్లో చేసిన పరీక్షకి ఒక్కోసారి జబ్బు దొరకదు, అదీ నేను మూడు నాలుగు వారాలు ఆగమనడానికి కారణం. మధ్యాహ్నం ఎండలో కూడా ఒకసారి చూడండి. గాలికుంటు వచ్చి తగ్గిన కొన్ని ఆవులకి వెంట్రుకలు పొడుగ్గా పెరిగి, కాస్త ఎండకే రొప్పుతాయి, వాటి పాలు మళ్ళీ పూర్తిగా కోలుకోవు.

ఇంకా ఈనని పెయ్యలు చవకే, ఓపికా పచ్చిమేతా ఉన్నవాళ్ళు తీసుకోవచ్చు. నెలనెలా కంతు కట్టాల్సినవాళ్ళకి కుదరదు.

తెచ్చాక మూడు వారాలు వేరే పాకలో కట్టండి, పిడుదులు చూసి తీయించండి, మిగతా ఆవులన్నీ అయ్యాకే దాని పాలు పిండి చేతులు కడుక్కోండి.