ఎస్ఎస్‌డీ కేసు బాగానే ఉంది, యూఏఎస్‌తోనే తలనొప్పి

పర్లాకిమిడిలో ఓ ఫొటో స్టూడియో, అందులో డెబియన్ లినక్స్ కంప్యూటర్. దానికి తగిలించి, పెళ్లి ఫొటోలూ వీడియోలూ దాచడానికి ఏడాది దాటి వాడుతున్న 2.5 అంగుళాల ఎస్ఎస్‌డీ డిస్కుని లోపల పెట్టుకునే యూఎస్‌బీ కేసు ఇది. మిగతా వివరాలు పెట్టె మీదే ఉన్నాయి. గొడవంతా యూఏఎస్‌తోనే, అంటే యూఎస్‌బీ మీద డిస్కుతో మాట్లాడే వేగమైన పద్ధతితోనే.

చిన్న ఫైళ్లు పంపినంతసేపూ బుద్ధిగా ఉంటుంది. పెద్ద వీడియోల కాపీ పెడితే మధ్యలో బార్ బిగుసుకుపోతుంది, కేసు లైటు మిణకడం మానేస్తుంది. 30 సెకన్లకి మళ్లీ కదులుతుంది. ఆ 30 ఊరికే రాలేదు. డిస్కు నుంచి జవాబు రాకపోతే కెర్నెల్ (లినక్స్ గుండెకాయ) మామూలుగా అంతసేపు చూసి, ఆపైన డివైస్‌ని రీసెట్ చేస్తుంది. కెర్నెల్ లాగ్ చూపించే ‘డీమెస్గ్ -డబ్ల్యూ’ తెరిచి ఉంచితే ‘యూఏఎస్_ఈహెచ్_అబార్ట్_హ్యాండ్లర్’ వరసలు, వాటి వెనకే ‘రీసెట్ సూపర్‌స్పీడ్ యూఎస్‌బీ డివైస్’ కనిపిస్తాయి. ఇది ముదిరితే ఎక్స్‌టీ4 ఫైల్ సిస్టమ్ జర్నల్ (రాతల చిట్టా) ఆగిపోయి డిస్కు రీడ్-ఓన్లీ అవుతుంది, అంటే చదవడమే, రాయడం కుదరదు. అప్పుడు అన్‌మౌంట్ చేసి, ఫైల్ సిస్టమ్‌ని సరిచేసే ‘ఈ2ఎఫ్ఎస్‌సీకే -ఎఫ్’ నడిపాకే మళ్లీ రాయాలి. అంతవరకు కెమెరా కార్డు ఖాళీ చేయొద్దు.

యూఏఎస్ అంటే ఒక ఆదేశం ముగిసేదాకా ఆగకుండా డిస్కుకి వరసపెట్టి ఆదేశాలిచ్చే పద్ధతి. కేసులో యూఎస్‌బీకీ డిస్కుకీ మధ్య ఉండే బ్రిడ్జి చిప్ ఫర్మ్‌వేర్ ఆ వరసని తట్టుకోలేక మాట పడిపోయినట్టు ఊరుకుంటుంది.

ఆటోసస్పెండ్ (పని లేనప్పుడు డివైస్‌ని నిద్రపుచ్చడం) ఆపేయమని అందరూ చెప్తారు. డిస్కు పని లేకుండా ఉన్నప్పటి జబ్బుకి అది మందు, కాపీ మధ్యలో తెగేదానికి కాదు. ముందు లాగ్‌లో నంబరు చూడాలి. ‘-71’ అయితే చాలావరకు సిగ్నల్ గొడవే. కంప్యూటర్ ముందు వైపు ప్యానెల్ పోర్టు మదర్‌బోర్డుకి లోపల ఇంకో వైరు మీదుగా వెళ్తుంది కాబట్టి వెనక పోర్టుకి మార్చాలి, పొట్టి కేబుల్ పెట్టాలి. ఈ కేసుతో వచ్చిన మీటరు కేబుల్ తీసేసి అర మీటరుది పెడితే -71 పోయింది, 30 సెకన్ల ఆగుడు మాత్రం పోలేదు. ‘-110’ అంటే టైమౌట్, అప్పుడు కరెంటు చాలుతోందో లేదో చూసుకోవాలి. యూఎస్‌బీ 3.0 మామూలు పోర్టు లెక్క 900 మిల్లీఆంపులు. అడాప్టర్ లేని హబ్‌కి ఎన్ని తగిలించినా అందులోంచే పంచుకోవాలి.

అసలు మందు యూఏఎస్‌ని ఈ ఒక్క కేసుకే ఆపడం. ‘ఎల్ఎస్‌యూఎస్‌బీ’లో కనిపించే ఐడీ రాసుకోండి. మాడ్‌ప్రోబ్.డీ ఫోల్డర్‌లో కాన్ఫ్ ఫైలు పెట్టి ‘ఆప్షన్స్ యూఎస్‌బీ-స్టోరేజ్ క్విర్క్స్=’ తర్వాత ఆ ఐడీ, కోలన్, చిన్న ‘యు’ అక్షరం రాయండి. బూట్ అయ్యేటప్పుడే అది అందేలా ‘అప్‌డేట్-ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్ -యు’ కొట్టి రీబూట్ చేయండి. ‘ఎల్ఎస్‌యూఎస్‌బీ -టి’లో డ్రైవర్ దగ్గర యూఏఎస్ బదులు పాత పద్ధతి యూఎస్‌బీ-స్టోరేజ్ అని రావాలి. యూఏఎస్ మాడ్యూల్‌నే బ్లాక్‌లిస్ట్ చేయకండి (లోడ్ కాకుండా ఆపకండి). యూఏఎస్ చేయగల డివైస్‌ని యూఎస్‌బీ-స్టోరేజ్ తనంతట తాను తీసుకోదు, డిస్కే కనిపించకుండా పోతుంది.

కొత్తలో దీని వేగం అదిరిందనుకున్నాం, యూఏఎస్ ఆపాక కూడా పెద్ద వీడియోల వరకు అది దాదాపు నిజమే. వేల కొద్దీ జేపీజీలు పంపితే తేడా బాగానే తెలుస్తుంది. ట్రిమ్ (చెరిపేసిన చోటు ఏదో ఎస్ఎస్‌డీకి చెప్పడం) కూడా పోయింది, ‘ఎఫ్ఎస్‌ట్రిమ్’ కుదరదంటోంది.

ఈ పక్క దుకాణాల్లో దొరికిందే కొనాలి, లోపలి చిప్ పేరు అడిగితే చెప్పేవాళ్లుండరు. మార్చుకోవాలంటే బరంపురమో శ్రీకాకుళమో పోవాలి. వేరే కేబుల్ కొని, ఆ కాన్ఫ్ ఫైలులో ఒక వరస రాసుకోగలిగితే ఈ ధరకి పర్వాలేదు. ఉన్న ఒక్క కాపీ ఇందులోనే దాచే స్టూడియోకైతే కొనమని చెప్పను. ఇక్కడ రెండో డిస్కు ఉంది కాబట్టే ఇంకా వాడుతున్నాం.