పర్లాకిమిడిలో నేను పెట్రోలు కొట్టించే బంకు

మాది శ్రీకాకుళం జిల్లా పాతపట్నం. టీవీఎస్ ఎక్స్‌ఎల్ మీద ప్లాస్టిక్ బిందెలు, బకెట్లు కట్టుకుని మెళియాపుట్టి, సారవకోట వైపు ఊళ్లు తిరిగి అమ్ముతాను. సరుకు కోసం వారానికోసారి ఒడిశా వైపు పర్లాకిమిడి వెళ్తాను, ట్యాంకు అక్కడే నింపుకుంటాను. రెండేళ్లుగా ఒకటే బంకు. పేరు రాయను, ఇప్పటికే రద్దీ ఎక్కువ.

ముందు రేటు సంగతి. మా వైపుకీ అక్కడికీ లీటరుకి ఏడెనిమిది రూపాయల తేడా. ఇందులో బంకువాడి గొప్పేమీ లేదు. కేంద్రం వేసే ఎక్సైజు సుంకం రెండు వైపులా ఒకటే. రాష్ట్రం వేసే పన్ను వ్యాట్. మన రాష్ట్రంలో అది 31 శాతం, దాని మీద లీటరుకి 4 రూపాయలు, రోడ్ల సెస్సు మరో రూపాయి. ఒడిశాలో వ్యాట్ 28 శాతం. పెట్రోలు జీఎస్టీలో లేదు కాబట్టి ఏ రాష్ట్రం లెక్క దానిదే. డీలరుకి మిగిలేది కమీషను మాత్రమే. అయినా రేటు పెరిగిన రోజు తిట్లన్నీ తినేది గన్ను పట్టుకున్న కుర్రాడే.

ఆదివారం వెళ్తే క్యూ రోడ్డు మీదికి వచ్చేస్తుంది. సగం బళ్లు మన నంబరువే. మొన్న క్యూలో ఒకాయన "క్రూడాయిలు పెరిగిందట" అన్నాడు. వెనకున్న ముసలాయన వెంటనే, "తగ్గినప్పుడు మనకి తగ్గిందేటి బావూ?" అన్నాడు. నిజమే. 2020 లాక్‌డౌనులో ముడి చమురు ధర పడిపోయింది. మే నెలలో కేంద్రం పెట్రోలు మీద లీటరుకి 10 రూపాయల సుంకం పెంచి ఆ లాభం తనే ఉంచుకుంది. 2021 నవంబరు నుంచి నాలుగు నెలలకి పైగా రేటు కదల్లేదు. 2022 మార్చిలో అయిదు రాష్ట్రాల ఓట్ల లెక్కింపు అయిపోయాక, దాదాపు రోజూ 80 పైసల చొప్పున ఎక్కింది. ఆ రోజుల్లో నేను బిందె మీద అయిదు రూపాయలు పెంచితే, "పెట్రోలుతో చేసారేటి బిందెలు?" అని దెప్పారు. ప్లాస్టిక్కు చమురు నుంచే వస్తుంది గానీ, ఆ మాట చెప్పి బేరం పోగొట్టుకోలేదు.

ఇక కొలత. మా వైపు ఒక బంకులో మూడొందలకి కొట్టమంటే వందకే ఆపేసి, "వందన్నారనుకున్నాను" అని మిగతాది మళ్లీ మొదలుపెట్టాడు. మీటరు సున్నా చేశాడో లేదో నేను చూడలేదు. చెయ్యకుండా రెండొందల దగ్గర ఆపితే నాకు వంద పోయినట్టే. ఆ మధ్యలో ఏం జరిగిందో ఇప్పటికీ నాకు అనుమానమే. పర్లాకిమిడి కుర్రాడు మాత్రం గన్ను పెట్టేముందు "జీరో సూస్కో బావూ" అని తెలుగులోనే అంటాడు. ఒకసారి అయిదు లీటర్ల కొలత క్యాను చూపించమని అడిగాను. అడిగితే ఏ బంకయినా చూపించాల్సిందే గానీ చాలామంది మొహం మాడ్చుకుంటారు. ఇక్కడ విసుక్కోకుండా తెచ్చి నింపి చూపించారు. సరిగ్గా గీత దగ్గర ఆగింది.

గాలి మిషను మాత్రం దండగ. నేను వెళ్లిన ఏ రోజూ పనిచెయ్యలేదు. సరుకుతో వెనక టైరు దిగిపోతుంది, పక్కన పంక్చరు షాపుకి డబ్బులిచ్చి కొట్టించుకోవాలి. అందుకే నాలుగు స్టార్లు.

ఇదంతా చెప్తే మా బావమరిది టెక్కలి నుంచి పనిగట్టుకుని వస్తానన్నాడు. అతనిదీ ఎక్స్‌ఎల్లే. ట్యాంకులో పట్టేది నాలుగు లీటర్లు, మిగిలేది మహా అయితే ముప్ఫై రెండు రూపాయలు, రానూ పోనూ బండి తాగేది అంతకంటే ఎక్కువ అని లెక్కేసి చెప్పాను. అయినా వచ్చాడు. ట్యాంకు నింపుకుని, మా ఇంట్లో భోంచేసి, ఎంత లాభమో మా ఆవిడకి చెప్పి మరీ వెళ్లాడు.