గప్పీలా, నియాన్ టెట్రాలా?

మూలన పెట్టేసిన అక్వేరియంలో మళ్లీ నీళ్లు పోశాక ముందు కావాల్సింది చేపలు కాదు, ఓపిక. ఫిల్టర్‌లో మేలుచేసే బ్యాక్టీరియా పెరగడానికి సాధారణంగా 4 నుంచి 6 వారాలు పడుతుంది. నీటిని పరీక్షించే టెస్ట్ కిట్‌లో, ఆ బ్యాక్టీరియా విరిచేసే విషాలైన అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా చూపించాకే చేపల్ని వదలాలి.

మొదటి చేపలుగా నా ఓటు గప్పీలకే. కఠినజలం (ఖనిజ లవణాలు ఎక్కువున్న నీళ్లు) వాటికి బాగా పడుతుంది, నీటిలో చిన్న తేడాలొచ్చినా తట్టుకుంటాయి. ఆడా మగా కలిపి ఉంచితే మాత్రం దాదాపు నెలకోసారి పిల్లలు! ఆకుల చాటున రెండు నల్లటి కళ్లే కనిపిస్తాయి, ఒళ్లంతా గాజులా ఉంటుంది. మగవాటినే పెంచితే ఆ టెన్షన్ ఉండదు.

నియాన్ టెట్రాల నీలిగీత మీద లైటు పడితే చూపు తిప్పుకోలేం. కానీ వాటికి మృదుజలం (ఖనిజ లవణాలు తక్కువున్న నీళ్లు), కనీసం 6 చేపల గుంపు కావాలి. కొత్త ట్యాంకులో తొందరగా దెబ్బతింటాయి. రెండు మూడు నెలలు ఆగి తెచ్చుకోండి.